మామయ్య ఎదురుచూసిన చిమ్మట

మొన్న పొద్దున పీర్జాదిగూడలోని మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో ఒక పెద్ద చిమ్మట వాలింది. దీపం పురుగు అంటామే, ఆ జాతిదే, కాకపోతే అరచేయంత ఉంది. పిల్లలు కెవ్వుమని బయటికి పరిగెత్తారు. పోచారంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఎదురు ఫ్లాటు అమ్మాయి మాత్రం భయపడకుండా ఫొటో తీసింది, ఆ ఫోను రెప్పపాటులో దాని ఇంగ్లీషు పేరూ, లాటిన్ పేరూ, అది ఏ ఆకులు తిని పెరుగుతుందో కూడా చెప్పేసింది. ఆ అమ్మాయి పేరు చదివి నాకు వినిపించడం, వాచ్‌మన్ వచ్చి చీపురు తిరగేసి ఒక్క దెబ్బ వేయడం ఒకేసారి జరిగిపోయాయి. గోడ మీద పసుపుపచ్చని మరక మిగిలింది. "పురుగే గదమ్మా, గంత ఫికరెందుకు" అని అతను నన్నే ఓదార్చాడు, ఎందుకంటే నేను లిఫ్టు తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. వీపు మీద పుర్రె బొమ్మ ఉన్న ఆ చిమ్మటను ఈ జన్మలో మళ్లీ చూస్తాననుకోలేదు. దాని పేరు తెలుసుకోవడం ఇంత సులువైన పని అయినందుకు సంతోషించాలో, దాని పేరు తెలిసిన పాపానికి మా మామయ్య పడిన దెబ్బలు తలచుకుని ఏడవాలో నాకు తెలియలేదు.

నా ఈడు వాళ్లకు అప్పటి నాచారం గుర్తుండే ఉంటుంది. ఫ్యాక్టరీ సైరన్లతో తెల్లవారేది, సైరన్లతోనే పొద్దుగూకేది. ఇళ్ల మధ్య ఇళ్లకన్నా ఎక్కువగా ఖాళీ జాగాలు ఉండేవి, వాటి నిండా జిల్లేడు, తంగేడు, పిచ్చి తుమ్మ. వేసవిలో నల్లా నీళ్ల కోసం ఆడవాళ్లు బిందెలతో తలలు పగలగొట్టుకునేవాళ్లు, ఇది మాటవరసకు అనడం లేదు, కుట్లు పడిన తలలను నేను చూశాను. కృష్ణా జిల్లా నుంచి టైపిస్టు ఉద్యోగానికి వచ్చిన నేను మా అమ్మ తమ్ముడి దగ్గర ఉండేదాన్ని. మామయ్యకు ఉప్పల్ రోడ్డులో ఒక కేంద్ర ప్రభుత్వ సంస్థలో పటాలు గీసే ఉద్యోగం. అత్తయ్య పోయింది, పిల్లలు లేరు. ఇంట్లో ఆయనా, నేనూ, పెరట్లో ఒక నిమ్మచెట్టూ, ఆ చెట్టు మీద ఆయన కన్నబిడ్డల్లా చూసుకునే గొంగళి పురుగులూ ఉండేవాళ్లం.

సీతాకోకచిలుకలనూ చిమ్మటలనూ గుర్తుపట్టడం ఆయనకు పిచ్చి. అత్తయ్య పోయిన ఏడాది నిద్ర పట్టక వీధి దీపం కింద నిలబడితే పట్టుకుందట ఆ పిచ్చి. ఆదివారం తెల్లవారుజామున నన్ను లేపి ఉప్పల్ నల్లచెరువు వైపు నడిపించేవాడు, ఎండ ముదిరేలోగా తిరిగి రావాలి, రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని ఊరికే అన్నారా మరి. జిల్లేడు మీద ఎర్రెర్రగా తిరిగేది ఏదో, తంగేడు చుట్టూ లేత నిమ్మపండు రంగులో ఎగిరేది ఏదో, గన్నేరు ఆకు తిని పచ్చని పట్టుచీరలా బయటికొచ్చే చిమ్మట ఏదో ఆయన వేలు పెట్టి చూపించేవాడు. ఇంగ్లీషు పేరు చెప్పి, అది నోరు తిరగని పేరని తిట్టుకుని, తనే ఒక తెలుగు పేరు పెట్టేవాడు. ఆ పేర్లు ఆయనకూ నాకూ తప్ప ఎవరికీ తెలియవు. నేను ఒకదాన్ని చూసి ఇంకొకటి అంటే మొట్టికాయ పడేది, ఉద్యోగస్తురాలినని కూడా చూసేవాడు కాదు.

ఇదేదో రంగుల లోకం, సుకుమారమైన సరదా అనుకునేరు. నేను అక్కడ చూసినంత హింస కసాయి కొట్లో కూడా చూడలేదు. నిమ్మాకు మీద కొవ్వెక్కి పాకే పచ్చని పురుగు గూడు కట్టుకుంటే, రంగురంగుల సీతాకోకచిలుక వస్తుందని రోజూ కాపలా కాసేవాళ్లం, తీరా ఆ గూటికి సూదిమొన బెజ్జం పడి లోపలి నుంచి సన్నని కందిరీగలు బయటికొచ్చేవి. అవి పురుగును లోపలే, బతికుండగానే తినేశాయన్నమాట. గోడ మీద బల్లి ఒక చిమ్మటను నడుముకి పట్టి గోడకేసి బాదడం చూసి నేను అన్నం మానేశాను. మామయ్య మాత్రం రాలిన రెక్కలను ఏరుకుని, ఇది ఫలానాది అని ఆ రెక్క ముక్కను బట్టే చెప్పేవాడు. చంపడం మాత్రం ఆయన చేత కాదు. సూదులు గుచ్చి పెట్టెలో పెట్టేవాళ్లంటే ఆయనకు ఒళ్లు మంట.

ఇక్కడ ఒక మాట చెప్పాలి, చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. మామయ్య నోట్లో ఒక్క పన్ను కూడా లేదు. చిన్న వయసులోనే చిగుళ్లు చెడి అన్నీ పోయాయి, పైనా కిందా కట్టుడు పళ్లే. రాత్రి వాటిని స్టీలు గ్లాసులో నీళ్లలో వేసి, ఆ గ్లాసును అద్దం వెనక దాచేవాడు. వీధిలో ఎవరికీ తెలియదు. ఆయనకు అదే పెద్ద మర్యాద. పళ్లు పెట్టుకోకుండా వాకిలి దాటేవాడు కాదు, పాలవాడికి కూడా తలుపు చాటు నుంచే గిన్నె చాపేవాడు. నేను వేళాకోళం చేస్తే రెండు రోజులు మాట్లాడేవాడు కాదు, అంత అభిమానం.

ఆ వేసవిలో ఆయనకు కొత్త కోరిక పుట్టింది. వీపు మీద పుర్రె గుర్తు ఉండే చిమ్మట ఒకటుందట, ముట్టుకుంటే ఎలుకపిల్లలా కీచుమంటుందట, తేనెపట్టులో దూరి ఈగల మధ్య కూర్చుని తేనె తాగి వస్తుందట. నువ్వుచేలూ వంగతోటలూ ఉన్న చోట ఉండి తీరాలి, ఉప్పల్ అవతల అవి ఉన్నాయి, అయినా తను ఒక్కసారి కూడా చూడలేదని బాధ. అందుకని మూడు బాటలు కలిసే చోట ఉన్న ఖాళీ జాగాలో, పొద్దుగూకగానే తన పాత తెల్ల పంచె ఒకటి రెండు కర్రలకు కట్టి, వెనక పెట్రోమాక్స్ లైటు పెట్టి కూర్చునేవాడు. పక్కనున్న వేపచెట్టు మొదలుకి మాగిన అరటిపళ్లూ, బెల్లమూ, కల్లూ కలిపి పిసికిన ముద్దను కుంచెతో పూసేవాడు. ఆ వాసనకు కొన్ని జాతులు వస్తాయి. టీ కూడా మానేసిన మనిషి, చేతిలో డబ్బా పట్టుకుని కల్లు కాంపౌండుకి వెళ్లి తెచ్చేవాడు. ఆ ముద్ద ఎండకు ఎండి ముదురు ఎరుపులోకి తిరిగేది.

ఇప్పుడు మీరే ఆ వీధివాళ్ల కళ్లతో చూడండి. దిష్టి తీసినవన్నీ పారేసే మూడు బాటల దగ్గర, చీకటి పడే వేళ, పెళ్లాం పోయిన ఒంటి మగాడు, తెల్లగుడ్డ, దీపం, చెట్టుకి నెత్తురులాంటి పూత. బాణామతి అనుకోక ఇంకేమనుకుంటారు? బాణామతి అంటే చేతబడే, అప్పట్లో ఆ మాట వింటే మగవాళ్లు కూడా పొద్దుగూకాక గడప దాటేవాళ్లు కాదు. ఆ తెల్లగుడ్డ చచ్చిన పెండ్లాం కట్టుగుడ్డ అని కూడా పుట్టించారట. మాకు ఇవేవీ చేరలేదు. నల్లా దగ్గరికి నేను వెళ్తే ఆడవాళ్లు పక్కకు జరిగి బిందె ముందు పెట్టనిచ్చేవాళ్లు, ఉద్యోగం చేసే పిల్లనని గౌరవిస్తున్నారనుకుని మురిసిపోయాను.

ఎదురింట్లో ఫ్యాక్టరీలో పనిచేసే ఆయనా, భార్యా, వాళ్ల ముసలి తల్లీ, ఉయ్యాలలో వేసే చంటివాడూ ఉండేవాళ్లు. ఆమెను నేను అక్కా అనేదాన్ని, ఆయన మామయ్యను సారూ అనేవాడు. చంటివాడికి జ్వరం వచ్చింది. తాయెత్తు కట్టారు, నిప్పుల్లో మిరపకాయలు వేశారు, దవాఖానాకు మాత్రం తీసుకుపోలేదు. ఒక పొద్దున వాడు కళ్లు తేలేసి కాళ్లూ చేతులూ కొట్టుకున్నాడు. సరిగ్గా ఆ పొద్దునే ఉయ్యాల తాడు మీద ఒక పెద్ద చిమ్మట కనిపించింది. చేటతో కొడితే అది కీచుమని అరిచింది. వీపు మీద పుర్రె.

నేను స్టవ్ మీద కాఫీ పెడుతున్నాను. వాకిట్లో గోల వినిపించి వచ్చేసరికి వీధి వీధంతా మా గడపలో ఉంది. ఎదురింటాయన చేతిలో చేట, చేటలో రెక్క విరిగి ఇంకా కొట్టుకుంటున్న ఆ చిమ్మట. మామయ్య అప్పుడే పళ్లు పెట్టుకుని, పంచె సర్దుకుంటూ బయటికొచ్చాడు. "గిది నీదేనా సారూ?" అని అడిగాడు ఎదురింటాయన. అబద్ధమాడమని ఎవరూ అనలేదు, తెలియదని ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. మామయ్య చేటలోకి చూశాడు, ఆయన ముఖం పెళ్లికొడుకు ముఖంలా వెలిగిపోయింది. ఎదురింట్లో పిల్లవాడు అలా ఉన్నాడని ఆయనకు తెలియదు. "అరెరే, వచ్చిందా! దీని కోసమే కదయ్యా ఇన్నాళ్ల నుంచీ దీపం పెట్టి కూర్చుంటున్నాను. మీ ఇంటికే వచ్చిందా? ఎంత అదృష్టవంతులయ్యా!" అని రెండు చేతులూ చాపాడు.

ఎవరో ఆడమనిషి "ఒప్పుకున్నడు, వాడే ఒప్పుకున్నడు!" అని గుండెలు బాదుకుంది. చేట ఎగిరి పడింది. మొదటి దెబ్బ ఎదురింటాయనదే, చెంప మీద. రెండో దెబ్బ ఎవరిదో తెలియదు. ఆ తర్వాత దెబ్బలకు మనుషుల పేర్లు లేవు. మామయ్యను చొక్కా పట్టి మెట్ల మీదుగా ఈడ్చుకుపోయారు, ఒక్కొక్క మెట్టుకీ ఆయన మోచెయ్యి తగిలిన చప్పుడు నాకు ఇప్పటికీ వినబడుతుంది. పెట్రోమాక్స్ లైటు తెచ్చి రోడ్డుకేసి కొట్టారు. వేప కట్టెతో ఒకడు, చెప్పుతో ఒకడు, బిందెతో ఒకామె. ముందురోజు సాయంత్రం నాకు కరివేపాకు ఇచ్చిన చెయ్యి ఆమెది. మామయ్య అరవలేదు, కిందపడి కూడా "చిమ్మటయ్యా, అది చిమ్మట, ఏమీ చెయ్యదు" అంటూనే ఉన్నాడు, ఆ మాటలు మంత్రమనుకుని ఇంకా కొట్టారు. ఆయన ఎడమచెయ్యి వెనక్కి మడతపడి విరిగింది. నేను మధ్యలో దూరి ఒకడి మణికట్టు పట్టి కొరికాను. ఉప్పగా నెత్తురు తగిలేదాకా కొరికాను. దానికి నేను సిగ్గుపడలేదు, ఈ రోజుకీ పడను, ఇంకా గట్టిగా కొరికి ఉండాల్సిందని అనిపిస్తుంది. వాడు నన్ను విదిలించి కొడితే వెళ్లి గోడకు తగిలాను.

అప్పుడు "పండ్లు పీకుండ్రి" అన్న కేక వచ్చింది. ఆ మాటకు అర్థం నాకు తెలుసు. బాణామతి చేశాడనుకున్న వాడికి ఆ రోజుల్లో పళ్లు ఊడబీకేవాళ్లు. పళ్లు లేని నోట మంత్రం సరిగా పలకదట, పలకని మంత్రం పారదట, అదీ వాళ్ల లెక్క. సైకిలు రిపేరు షాపు నుంచి ఎవరో పటకారు తెచ్చారు. ఇద్దరు మామయ్య భుజాలు తొక్కిపట్టారు, ఎదురింటాయన ఆయన గడ్డం పట్టి నోరు తెరిచి పటకారు పెట్టి బలమంతా ఉపయోగించి లాగాడు. ఆ ఊపుకి తనే వెల్లకిలా పడ్డాడు. పటకారుకి పై వరస మొత్తం, చిగుళ్లతో సహా, ఒక్క నెత్తురు చుక్క లేకుండా వేలాడుతోంది. కింది వరస జారి దుమ్ములో పడింది.

పైకెత్తిన కర్రలు కిందికి దిగాయి. ఒకడు పటకారు చూసి దూరంగా పారిపోయాడు. అప్పుడు గుంపును తోసుకుని ఎదురింటి ముసలమ్మ ముందుకొచ్చింది, దుమ్ములో ఉన్న పళ్లను కాలి బొటనవేలితో కదిపి చూసింది, మామయ్య బోసినోటి వైపు చూసింది. "మీ నోట్ల మన్నువడ! వానికి పండ్లే లేవు గదరా! పండ్లు లేనోనికి మంత్రం పలుకదంటిరి, మరి వాడెట్ల జదివిండు?" అంది. వాళ్ల నమ్మకానికి వాళ్ల నమ్మకమే అడ్డం తిరిగింది. ఏ సైన్సూ, ఏ చదువూ, నా ఏడుపూ చేయలేని పని ఆ ముసలమ్మ ఒక్క ప్రశ్నతో చేసింది. ఆమె రుణం నేను తీర్చుకోలేను. కానీ ఆ వెంటనే ఎవరో కిసుక్కుమన్నారు, పక్కవాళ్లు అందుకున్నారు, క్షణంలో వీధంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. కర్రలు పట్టుకున్న వాళ్లే కర్రల మీద ఆనుకుని నవ్వారు. మామయ్య విరగని చేత్తో నోరు మూసుకున్నాడు. అంతసేపు తన్నులు తిని ఏడవని మనిషి, అప్పుడు ఏడ్చాడు.

నేను లేచి పిల్లవాడిని చంపుకుంటారా అని ఎదురింటి అక్క మీద అరిచాను, ముసలమ్మ కొడుకు వీపు మీద చరిచి ఆటో పిలిపించింది. ఒక ఆటోలో చంటివాడు, వెనక ఆటోలో మామయ్య, ఇద్దరూ ఒకే దవాఖానాకు వెళ్లారు. జ్వరం తలకెక్కి ఫిట్స్ వచ్చాయన్నారు, ఇంకో పూట ఆలస్యమైతే దక్కేవాడు కాదన్నారు. వాడు బతికాడు. మామయ్య చెయ్యి అతుక్కుంది, కొంచెం వంకరగా. పోలీసు కేసు పెడదామని నేను కాళ్లావేళ్లా పడ్డాను. ఆయన ఒప్పుకోలేదు. స్టేషన్లో జరిగిందంతా చెప్పమంటారు, పళ్ల సంగతి కూడా చెప్పాల్సి వస్తుంది, వాళ్లు కూడా నవ్వుతారు అన్నాడు. ఇలాంటి కారణంతో ఎంతమంది దెబ్బలు తిన్నవాళ్లు నోరు మూసుకున్నారో!

ఎదురింటివాళ్లు క్షమించమని అడగలేదు. వాళ్లకు ఆ మాట రాదేమో. కానీ ఆ తర్వాత రోజూ పొద్దున తలుపు తీసేసరికి మా గడపలో నిండు బిందె ఉండేది. నీళ్ల కోసం తలలు పగిలే ఆ వేసవిలో అది ఎంత పెద్ద కానుకో నాకు తెలియక కాదు. మామయ్య ఆ బిందెను ముట్టుకునేవాడు కాదు, చూసీ చూడనట్టు దాటి వెళ్లేవాడు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయేది. చెయ్యి విరిచి నీళ్లు పోస్తారా? ఒకరోజు ఎదురింటి అక్క వాకిట్లో ఉండగా, ఆమె కళ్లలోకి చూస్తూ, ఆ బిందెడు నీళ్లూ రోడ్డు మీద పారబోశాను. ఖాళీ బిందె ఆమె గుమ్మంలోకి దొర్లేలా ఒక్క తన్ను తన్నాను. ఆమె బిందె తీసుకుని లోపలికి పోయింది.

ఎండ పెరిగింది. పారబోసిన చోట మట్టి తడిసి నల్లగా ఉంది. కాసేపటికి ఎక్కడి నుంచో ఒక లేత పసుపు సీతాకోకచిలుక వచ్చి ఆ తడి మీద వాలింది, తర్వాత ఇంకొకటి, చూస్తూండగానే ఆ మట్టి కనబడనంతగా కమ్ముకున్నాయి. రెక్కలు మూసుకుని, తొండాలు మట్టిలో గుచ్చి, కదలకుండా తాగుతున్నాయి. వాటి మధ్య నీలం చారలవి రెండు, నేను ఎన్నడూ చూడని ఎర్రచుక్కలది ఒకటి. ఆ వీధిలో నేనున్నన్నాళ్లూ అన్ని సీతాకోకచిలుకలను ఒక్కచోట చూడలేదు. కోపమంతా మరిచిపోయి, మామయ్యా, రా, తొందరగా రా, ఎర్రచుక్కలది ఏమిటో చెప్పు అని కేకలు పెట్టాను. ఆయన గుమ్మం దాకా వచ్చాడు. కట్టు కట్టిన చెయ్యి మెడకు వేలాడుతోంది, కొత్త పళ్లు ఇంకా రాలేదు, రెండో చెయ్యి నోటికి అడ్డం ఉంది. ఒక్క క్షణం రోడ్డు వైపు చూశాడు. తెలియదమ్మా అన్నాడు, లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు. ఆయనకు తెలుసు. ఆయన చూపు ఆ ఎర్రచుక్కల మీద ఆగడం నేను చూశాను.

ఆ తర్వాత లాలాపేట్‌లో ఇల్లు తీసుకుని చాలా ఏళ్లు బతికాడు. పళ్లు కట్టించుకున్నాడు, పటాలు గీశాడు, రిటైరయ్యాడు, నా పెళ్లి దగ్గరుండి చేశాడు. ఏ రెక్క గురించీ మళ్లీ నోరు తెరవలేదు. నేను కావాలని ఒకదాన్ని ఇంకో పేరుతో పిలిచేదాన్ని, మొట్టికాయ వేస్తాడేమోనని. వేయలేదు. ఆయన పెట్టిన తెలుగు పేర్లు నాకు చాలావరకు గుర్తున్నాయి, కానీ ఆ ఎర్రచుక్కలదానికి మాత్రం పేరు లేకుండానే పోయింది, ఇప్పటి పిల్లలు ఫోనులో బొమ్మ చూపించి అదేనా అని అడిగితే నాకెందుకో ఔననబుద్ధి కాదు.

ఆ వీధికి ఈ మధ్య వెళ్లాను. ఖాళీ జాగాలు లేవు, వేపచెట్టు లేదు, ఎటు చూసినా అయిదంతస్తులు. బాణామతి అంటే ఇప్పటి పిల్లలు నవ్వుతారు, నవ్వనీ, మంచిదే. అక్కడివాళ్ల మీద నా కోపం తగ్గలేదు, తగ్గుతుందని కూడా అనుకోను, అయినా నేను అక్కడ నిలబడ్డంతసేపూ దేని కోసమో వెతికినట్టు నేలవైపే చూస్తున్నాను. మా పాత గుమ్మం ముందు ఒక నీళ్ల ట్యాంకరు ఆగి ఉంది. దాని పైపు నుంచి నీళ్లు కారి సిమెంటు రోడ్డు మీద వెడల్పుగా పరుచుకున్నాయి. ఎండకు అవి అంచుల నుంచి ఆరిపోతున్నాయి. ఎండలో చాలాసేపు నిలబడ్డాను. వాటి మీద ఏదీ వాలలేదు.